పంటికీ చేతికీ నొప్పిలేని పనిముట్టు

నోరు తెరిచి కుర్చీలో వాలిన మనకు కనిపించేది డాక్టరు ముఖం, వినిపించేది ‘కీ...’మనే కూత. ఆ కూత వెనకున్న చిన్న పరికరాన్ని ఇంకా తేలిగ్గా, చల్లగా, నెమ్మదిగా మలచడానికి ప్రపంచంలో ఎందరో తలలు పట్టుకుని కూర్చున్నారు. పంటిని ఎక్కువ తినేయకుండా, పట్టుకున్న చేతిని నొప్పించకుండా పనిచేసే పనిముట్టు ఎలా ఉండాలి? ఎక్కడిదాకా వచ్చాం? ఇంకా ఎంత దూరం వెళ్లాలి?

పిప్పిపన్ను రాత్రంతా సలుపుతున్నా ‘పండగ వెళ్లాక చూద్దాంలే’ అనుకునేవాళ్లు ప్రతి ఇంట్లోనూ ఉంటారు. మత్తుసూది ఇస్తారనీ, పెద్దగా నొప్పి తెలియదనీ వాళ్లకు తెలుసు. అయినా కాలు కదలదు. క్లినిక్ వరండాలో కూర్చోగానే లోపలి నుంచి వినిపించే సన్నని కూత తలపుకొస్తే చాలు, దవడ దానంతటదే బిగుసుకుంటుంది. చికిత్స వాయిదా పడుతుంది. చిన్న ఫిల్లింగ్‌తో పోయేది రూట్ కెనాల్ దాకా వస్తుంది, రూట్ కెనాల్‌తో పోయేది పన్ను పీకించుకునే దాకా వస్తుంది.

తలుపు అవతల ఇంకో బాధ ఉంది. దాని గురించి మనం ఆలోచించం. మెడ వంచి, భుజం ఎత్తి, పెన్సిల్ కన్నా సన్నని ఉక్కు పిడిని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య బిగించి రోజంతా పనిచేసే డాక్టరు బాధ అది. దంతవైద్యుల ఒంటినొప్పుల మీద వివిధ దేశాల్లో జరిగిన అధ్యయనాలన్నింటినీ 2009లో ఒకచోట చేర్చి చూస్తే, కండరాలూ కీళ్ల నొప్పులు ఉన్నవారు నూటికి 64 నుంచి 93 మంది దాకా తేలారు. మన నొప్పి తీసే వృత్తిలో ఉన్నవారిలో ఎక్కువమంది తమ నొప్పిని దిగమింగి పనిచేస్తున్నారన్నమాట.

ఈ రెండు బాధలూ కలిసే చోటు ఒక్కటే, పనిముట్టు. దాని ఒక కొస మన పంటి మీద ఉంటే రెండో కొస డాక్టరు వేళ్ల మధ్య ఉంటుంది. నూట యాభై ఏళ్లపాటు తయారీదారులు ప్రధానంగా వేగం వెంట పడ్డారు. అది దొరికింది. ఇక అసలు పని మొదలు కావాలి. పంటిలో ఎంత తక్కువ కోస్తోంది, చేతిని ఎంత తక్కువ శ్రమ పెడుతోంది అన్నదే ఇకమీదట మంచి పనిముట్టుకు కొలమానం కావాలి.

రాతి మొన నుంచి కాలి తొక్కుడు దాకా

పంటిని తొలవడం నిన్నమొన్నటి విద్య కాదు. ఇప్పటి పాకిస్థాన్‌లోని బలూచిస్థాన్‌లో మెహర్‌గఢ్ అనే చోట నవీన శిలాయుగం నాటి సమాధుల్లో దొరికిన తొమ్మిది మంది దవడల్లో 11 పళ్లకు మనిషి చేసిన రంధ్రాలు కనిపించాయి. అవి 7,500 నుంచి 9,000 ఏళ్ల కిందటివి. ఈ వివరాలు 2006లో ‘నేచర్’ పత్రికలో వచ్చాయి. చెకుముకి రాతి మొనను పుల్లకు బిగించి, విల్లు తాడుతో గిరగిరా తిప్పి ఆ రంధ్రాలు చేశారని పరిశోధకుల అంచనా. అలాంటి పరికరాన్ని తామే తయారుచేసి చూస్తే నిమిషంలోపే ఎనామిల్‌కు రంధ్రం పడింది. పూసలకు బెజ్జాలు వేసే పనివాళ్ల నేర్పే ఇక్కడా పనికొచ్చి ఉంటుందని వాళ్లు భావించారు. రంధ్రాల అంచులు అరిగిపోయి ఉండటాన్నిబట్టి, ఆ మనుషులు తర్వాత కూడా ఆ పళ్లతోనే నమిలి తిన్నారని తేలింది.

అక్కడి నుంచి ఆధునిక కాలానికి వస్తే, 1790 ప్రాంతంలో అమెరికాలో జార్జి వాషింగ్టన్‌కు పళ్లు చూసిన జాన్ గ్రీన్‌వుడ్ తన తల్లి నూలు వడికే రాట్నాన్ని కాలితో తొక్కే డ్రిల్లుగా మార్చుకున్నాడు. 1864లో బ్రిటన్‌కు చెందిన జార్జి ఫెలోస్ హారింగ్టన్ గడియారానికి ఇచ్చినట్టు కీ ఇస్తే తిరిగే డ్రిల్లు తెచ్చాడు. 1871లో జేమ్స్ మోరిసన్ కాలితొక్కుడు యంత్రానికి పేటెంట్ తీసుకున్నాడు. అది చాలామంది డాక్టర్లకు అందుబాటులోకి వచ్చింది. మరో నాలుగేళ్లకు జార్జి గ్రీన్ కరెంటుతో తిరిగే డ్రిల్లుకు పేటెంట్ సంపాదించాడు.

ఇవన్నీ డాక్టరు కాలినీ చేతినీ కొంత తెరిపిన పడేశాయి. కుర్చీలో కూర్చున్న మనిషికి మాత్రం పెద్దగా ఒరిగిందేం లేదు. నిమిషానికి కొన్ని వేల చుట్లు తిరిగే కోత మొన (బర్) పంటిని తాకితే తల మొత్తం అదురుతుంది. మన చర్మం, ఎముక బాగా పసిగట్టగలిగేది సెకనుకు 200, 250 సార్లు వచ్చే కంపనాలను. పాత డ్రిల్లులు సరిగ్గా ఆ పరిధిలోనో దాని దరిదాపుల్లోనో తిరిగేవి. అప్పట్లో దంతవైద్యుడంటే హడలిపోయిన తాతయ్యలు, అమ్మమ్మల భయానికి అదీ ఒక కారణమే.

గాలి తెచ్చిన మార్పు

వేగం బాగా పెంచితే కంపనం మన స్పర్శకు అందనంత పైకి వెళ్లిపోతుంది. ఈ సూత్రాన్ని పనిలో పెట్టినవారిలో ముందుగా చెప్పుకోవాల్సింది జాన్ పాట్రిక్ వాల్ష్ పేరు. న్యూజిలాండ్‌లో ఒటాగో దంతవైద్య కళాశాలకు డీన్‌గా పనిచేసిన ఆయన, గాలితో తిరిగే టర్బైన్ ఉన్న హ్యాండ్‌పీస్‌ను (డాక్టరు చేత్తో పట్టుకునే డ్రిల్లు భాగాన్ని) రూపొందించి 1949లో పేటెంట్ కోరారు. 1950ల్లో అమెరికాలో రాబర్ట్ నెల్సన్ బృందం నీటితో తిరిగే టర్బైన్ తయారుచేసింది. స్వీడన్‌లో ఇవార్ నోర్లెన్ మరో గాలి టర్బైన్ తెచ్చారు. చివరికి 1957లో వాషింగ్టన్‌కు చెందిన దంతవైద్యుడు జాన్ బోర్డెన్ రూపొందించిన ‘ఏరోటార్’ మార్కెట్‌కు వచ్చింది. దాని వేగం నిమిషానికి మూడు లక్షల చుట్లు. మన కాలేజీల్లో, క్లినిక్‌లలో ఈ తరహా పరికరాలన్నింటినీ ఇప్పటికీ ఆ పేరుతోనే పిలుస్తారు.

నిమిషానికి మూడు లక్షలంటే సెకనుకు 5,000 చుట్లు. మిల్లీమీటరు వ్యాసం ఉన్న బర్ అంచు ఆ వేగంలో గంటకు 55 కిలోమీటర్లకు పైగా ప్రయాణిస్తున్నట్టు లెక్క. మన శరీరంలో అన్నింటికన్నా గట్టిదైన ఎనామిల్‌ను వజ్రపు రజను పొదిగిన బర్ ఆ వేగంతో తాకితే, డాక్టరు నొక్కాల్సిన పని ఉండదు, ఆనిస్తే చాలు. దంతవైద్యం తీరే మారిపోయింది. అంతకుముందు కాళ్ల మీద నిలబడి బలమంతా ఉపయోగించిన డాక్టరు స్టూలు మీద కూర్చున్నాడు. రోగి వెల్లకిలా వాలాడు. నీటి తుంపర, సక్షన్ పైపు, పక్కన ఒక సహాయకురాలు వచ్చి చేరారు.

ఏరోటార్ తల విప్పి చూస్తే...

పరికరం తల వేలి కొసంత ఉంటుంది. పెద్దవాళ్లు నోరు పూర్తిగా తెరిస్తే పై పళ్లకూ కింది పళ్లకూ మధ్య దొరికేది నాలుగైదు సెంటీమీటర్లే. వెనక దవడ దగ్గర ఇంకా తక్కువ. పరికరం తల, దానికి కింద బర్ కలిసి ఆ సందులో పట్టాలి. పట్టాక డాక్టరు కంటికి పన్ను కనబడాలి కూడా. పిల్లల నోటికైతే తల మరింత చిన్నదీ, బర్ మరింత పొట్టిదీ కావాలి.

వెనక మూత విప్పితే లోపల ‘కార్ట్రిడ్జ్’ బయటికి వస్తుంది. మధ్యలో రెక్కలున్న చిన్న చక్రం, దానికి పైనా కిందా రెండు బాల్ బేరింగులు, వాటిని పట్టి ఉంచే రబ్బరు రింగులు ఉంటాయి. చక్రం నడిమధ్యన 1.6 మిల్లీమీటర్ల బర్ కాడను గట్టిగా పట్టుకునే చక్ ఉంటుంది. పరికరం వెనక కొసలో నాలుగు రంధ్రాలు కనిపిస్తాయి. చక్రాన్ని తిప్పే గాలికి ఒకటి, తిరిగి వెళ్లే గాలికి ఒకటి, పంటిని చల్లబరిచే నీటికి ఒకటి, ఆ నీటిని తుంపరగా మార్చే గాలికి ఒకటి. ఈ నాలుగు దారులూ చిటికెన వేలంత లావున్న గొట్టంలో ఇమడాలి. వీటికి తోడు ఈమధ్య వచ్చినవాటిలో దీపం కూడా.

కాగితపు గాలిమరను ఊదితే గిర్రున తిరుగుతుంది, వేలు ఆనిస్తే నెమ్మదిస్తుంది. ఏరోటార్‌లోనూ అంతే. ఖాళీగా తిరిగేటప్పుడున్న వేగం పంటిని తాకగానే బాగా పడిపోతుంది, గట్టిగా నొక్కితే ఆగిపోతుంది. డాక్టరు మాటిమాటికీ ఆనించి, తీసి, మళ్లీ ఆనించేది అందుకే. ఈ ఇబ్బంది తీర్చడానికి కరెంటు మోటారుతో నడిచే హ్యాండ్‌పీస్‌లు వచ్చాయి. మోటారు నిమిషానికి 40,000 చుట్లు తిరిగితే లోపలి పళ్లచక్రాలు దాన్ని ఐదింతలు చేసి రెండు లక్షలకు చేరుస్తాయి. టర్బైన్ కన్నా తక్కువ వేగమే అయినా పంటిని తాకినా తగ్గదు, కోత నున్నగా వస్తుంది. కాకపోతే మోటారు బరువంతా మణికట్టు మీద పడుతుంది. ఒక మేలు చేయబోతే ఇంకో కీడు ఎదురయ్యే ఈ లెక్కే పనిముట్టు రూపశిల్పికి నిత్యం ఎదురయ్యే పరీక్ష.

వేడి సంగతి మరీ సున్నితం. పన్ను మధ్యలో ఉండే మెత్తని కణజాలాన్ని డాక్టర్లు పల్ప్ అంటారు, మనం వాడుకలో నరం అంటాం. జాక్, కోహెన్ అనే శాస్త్రవేత్తలు 1965లో కోతుల మీద చేసిన ప్రయోగంలో పల్ప్ ఉష్ణోగ్రత 5.5 డిగ్రీల సెల్సియస్ పెరిగితే నూటికి 15 పళ్లలో అది మళ్లీ కోలుకోలేదు. బర్ మొన మీద సరిగ్గా పడే నీటి తుంపరకు అంత విలువ. నీటి రంధ్రం మూసుకుపోయిన హ్యాండ్‌పీస్ బాగున్న పంటిని కూడా చంపగలదు.

ఇంకో ప్రమాదం కూడా ఉంది. బర్ మార్చడానికి తల వెనక ఒక నొక్కుడు బటన్ ఉంటుంది. లోపల చక్ తిరుగుతుండగా ఆ బటన్ రోగి బుగ్గకు ఒత్తుకుంటే లోహం లోహాన్ని రాచుకుని వేడెక్కి క్షణాల్లో బుగ్గ కాలిపోతుంది. మత్తులో ఉన్న రోగికి ఆ సంగతి తెలియదు, గ్లోవ్ వేసుకున్న డాక్టరుకు కూడా తెలియకపోవచ్చు. సరిగ్గా మరమ్మతు చేయించని ఎలక్ట్రిక్ హ్యాండ్‌పీస్‌ల వల్ల రోగులకు తీవ్రమైన కాలిన గాయాలయ్యాయని అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ 2007లో హెచ్చరించింది. తర్వాత కొందరు తయారీదారులు వేడి పుట్టని బటన్ల మీద దృష్టి పెట్టారు. బటన్ ఉన్న చోటే బుగ్గ తగులుతుందన్న చిన్న విషయం కాగితం మీద బొమ్మ గీసేటప్పుడు తట్టదు. క్లినిక్‌లో కుర్చీ పక్కన నిలబడి చూసినవాడికే తడుతుంది.

ఆ కూతను తగ్గించలేమా?

వేగం పెంచి కంపనాన్ని తగ్గించుకున్నాం కానీ దానికి బదులు చెవికి శిక్ష పడింది. సెకనుకు 5,000 చుట్లంటే ఆ లయలో పుట్టే శబ్దం కూడా అంతే. మన చెవి అత్యంత చురుగ్గా పట్టుకునేది 2,000 నుంచి 5,000 హెర్ట్జ్ మధ్య శబ్దాలను. చర్మానికి అందకుండా పోయింది తిన్నగా చెవికి చేరిందన్నమాట. పుర్రె ఎముక గుండా కూడా ఆ శబ్దం లోపలి చెవికి వెళుతుంది కాబట్టి చెవుల్లో దూది పెట్టుకున్నా పూర్తిగా ఆగదు.

దీని మీద రెండు దారుల్లో పని జరుగుతోంది. ఒకటి, శబ్దాన్ని వినేవాడి దగ్గర ఆపడం. లండన్ కింగ్స్ కాలేజీకి చెందిన బృందం, రెండు భాగస్వామ్య విశ్వవిద్యాలయాల పరిశోధకులతో కలిసి, డ్రిల్లు కూతను మాత్రమే రద్దు చేసి డాక్టరు మాటలు వినిపించేలా చేసే పరికరం నమూనాను 2011లో ప్రకటించింది. రెండోది, శబ్దాన్ని పుట్టిన చోటే తగ్గించడం. జపాన్‌లోని ఒసాకా విశ్వవిద్యాలయ పరిశోధకులు హ్యాండ్‌పీస్ లోపలా బయటా గాలి ఎలా ప్రవహిస్తుందో సూపర్ కంప్యూటర్ మీద లెక్కగట్టి, ఎక్కడ సుడి తిరిగి కూత పుడుతోందో వెతుకుతున్నారు. టర్బైన్ రెక్కల వంపునూ, గాలి బయటికి పోయే దారినీ మారిస్తే పనితనం తగ్గకుండా శబ్దం స్వభావాన్ని మార్చవచ్చన్నది వాళ్ల ఆలోచన. పెద్దల చెవికి అందని అతి సన్నని శబ్దాలు పిల్లల చెవికి అందుతాయి. డ్రిల్లును చూసి ఏడ్చే పిల్లవాడిని ‘ఏమీ కాదురా’ అని కసిరేముందు మనం గుర్తుంచుకోవాల్సిన విషయమిది. వాడికి వినిపిస్తున్నది మనకు వినిపించడం లేదు.

డాక్టరు వేళ్ల కథ

డ్రిల్లు ఆగిపోయాక కూడా దంతవైద్యుల చేతిలో ఏదో ఒక పనిముట్టు ఉంటూనే ఉంటుంది. అద్దం, ప్రోబ్, గార తీసే స్కేలర్, చిగురు లోపలికి వెళ్లే క్యూరెట్, పిప్పిని తవ్వే ఎక్స్‌కవేటర్... ఒక్కోదాని మొన ఆకారం వెనక ఎంతో మేధస్సు ఉంది. అమెరికాకు చెందిన జి.వి.బ్లాక్ వంద ఏళ్లకు ముందే వీటికి అంకెల పద్ధతి పెట్టాడు. పిడి మీద 15-8-14 అని చెక్కి ఉంటే మొన వెడల్పు 1.5 మిల్లీమీటర్లు, పొడవు 8 మిల్లీమీటర్లు, వంపు పూర్తి వృత్తంలో 14 శాతం, అంటే సుమారు 50 డిగ్రీలు. మొనను అంత శ్రద్ధగా కొలిచిన వృత్తి పిడిని మాత్రం చాలాకాలం గాలికి వదిలేసింది.

గార తీయడాన్ని దగ్గరగా చూస్తే ఆ నిర్లక్ష్యం ఎంత ఖరీదైనదో తెలుస్తుంది. డాక్టరు క్యూరెట్‌ను పెన్ను పట్టినట్టు పట్టుకుంటారు. ఉంగరపు వేలిని పక్క పంటి మీద ఊతగా ఆనించి, మొనను చిగురు కిందికి దించుతారు. కంటికి ఏమీ కనబడదు. మొన గార గడ్డను తాకినప్పుడు వచ్చే గరుకుదనం ఉక్కు కాడ గుండా వేలి చర్మానికి తెలియాలి. తెలియగానే వేళ్లు బిగించి, మణికట్టును తిప్పి ఒక్క లాగు లాగుతారు. ఆ తర్వాత పట్టు వదులు చేసి వేరు నునుపైందో లేదో అదే మొనతో తడిమి చూస్తారు. ఒక్కో పంటికి ఇలా ఎన్నోసార్లు, ఒక్కో నోటిలో 32 పళ్లకు. పిడి సన్నగా ఉంటే జారకుండా మరింత గట్టిగా నొక్కాలి. గట్టిగా నొక్కిన వేలికి స్పర్శ మందగిస్తుంది. స్పర్శ మందగిస్తే ఇంకా బలంగా లాగుతారు. నష్టం చేతికీ, చిగురుకీ కూడా.

కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ శాన్‌ఫ్రాన్సిస్కో శాఖలో డేవిడ్ రెంపెల్ బృందం ఈ పిడినే తూకం వేసింది. వేర్వేరు వ్యాసాలు, బరువులు ఉన్న పిడులతో గార తీయించి, వేళ్లు ఎంత బలంతో నొక్కుతున్నాయో, ముంజేతి కండరాలు ఎంత శ్రమిస్తున్నాయో కొలిచారు. 2006లో వెలువడిన ఫలితాల్లో 10 మిల్లీమీటర్ల లావు, 15 గ్రాముల బరువున్న పిడికే తక్కువ బలం సరిపోయింది. 10 మిల్లీమీటర్లు దాటాక లావు పెంచినా అదనపు ప్రయోజనం కనిపించలేదు. బరువు విషయంలో మాత్రం అలాంటి హద్దు దొరకలేదు, ఇంకా తేలికైతే ఇంకా మేలు కావచ్చు. తర్వాత 2012లో 110 మంది హైజీనిస్టులకు (పళ్లు శుభ్రం చేసే నిపుణులకు), దంతవైద్యులకు నాలుగు నెలలపాటు రెండు రకాల క్యూరెట్లు ఇచ్చి చూశారు. ఒకటి 14 గ్రాములు, 11 మిల్లీమీటర్లు. రెండోది 34 గ్రాములు, 8 మిల్లీమీటర్లు. తేలికైన లావు పిడి వాడినవాళ్లకు భుజం నొప్పి ఎక్కువగా తగ్గింది.

ఇరవై గ్రాముల తేడా మనకు లెక్కలోకి రాదు. రోజుకు వేలసార్లు బిగిసి వదిలే కండరానికి వస్తుంది. పిడి బోలుగా చేయాలా, సిలికోన్ తొడగాలా, గీతలు చెక్కాలా, పదే పదే 134 డిగ్రీల ఆవిరిలో ఉడికినా పగలని ప్లాస్టిక్ ఏది... ఈ ప్రశ్నలు చిన్నవిగా కనిపిస్తాయి కానీ ఒక డాక్టరు యాభయ్యేళ్ల వయసులో పని మానేయాలా, అరవై దాటాక కూడా చేయగలరా అన్నది వీటి మీదే ఆధారపడి ఉంది. మన దంతవైద్య కళాశాలల్లో ఇప్పుడు అమ్మాయిలే ఎక్కువ. ఎడమచేతి వాటం వాళ్లూ ఉన్నారు. ఎప్పుడో ఎవరో మగవాళ్ల కుడిచేతి కొలతకు అచ్చుపోసిన పరికరంతో వీళ్లందరినీ సర్దుకుపొమ్మనడం న్యాయం కాదు.

వంకర వేరులో వంగే ఫైల్

రూపకల్పన అంటే ఆకారమే కాదు, లోహం కూడా. రూట్ కెనాల్‌లో డాక్టరు వేరు లోపలి సన్నని నాళాన్ని ఫైల్‌తో శుభ్రం చేస్తారు. 15వ నంబరు ఫైల్ మొన వ్యాసం 0.15 మిల్లీమీటర్లు. నంబరునుబట్టి తెలుపు, పసుపు, నీలం, ఎరుపు, ఆకుపచ్చ, నలుపు పిడులుంటాయి. ఈ కొలతలకు ఒక ప్రమాణం ఉండాలని 1958లో జాన్ ఇంగిల్ ప్రతిపాదించేదాకా ఒక్కో కంపెనీది ఒక్కో దారి.

వేర్లు తిన్నగా ఉండవు. వంపులో ఉక్కు ఫైల్ నిటారుగా వెళ్లబోయి వేరు గోడను తొలిచేసే ప్రమాదం ఉంది. 1988లో హర్మీత్ వాలియా, మరో ఇద్దరు సహచరులు పళ్ల వరస సరిచేసే క్లిప్పుల్లో వాడే నికెల్-టైటానియం తీగతో ఫైల్ తయారుచేసి చూశారు. అదే పరిమాణంలో ఉన్న ఉక్కు ఫైల్ కన్నా అది రెండు మూడు రెట్లు ఎక్కువ వంగే గుణం చూపింది, మెలిపెట్టినా అంత తేలిగ్గా తెగలేదు. ఇవాళ మన పట్టణాల్లో ఒకటి రెండు సిట్టింగుల్లో రూట్ కెనాల్ అయిపోవడం వెనక మోటారుకు బిగించి తిప్పే ఈ లోహపు ఫైళ్ల పాత్ర చాలా ఉంది. పక్క విభాగంలోని తీగను చూసి ‘ఇది ఇక్కడ పనికొస్తుందా’ అని అడగడంతోనే ఆ మార్పు మొదలైంది.

కరెంటు లేని చోట పుట్టిన పాఠం

పనిముట్టు మెరుగుపడటమంటే యంత్రం పెద్దదవడం అనుకుంటాం. దానికి జవాబు టాంజానియాలో దొరికింది. 1980ల నడుమ అక్కడ పనిచేసిన డచ్ దంతవైద్యుడు జో ఫ్రెన్కెన్, కరెంటూ కంప్రెసరూ లేని ఊళ్లలో పళ్లు పీకడం తప్ప ఇంకో దారి లేకపోవడం చూసి, చేతి పనిముట్లతోనే పిప్పిని తీసి గ్లాస్ అయానమర్ సిమెంటుతో నింపే పద్ధతిని రూపొందించారు. దాన్ని పొడి అక్షరాల్లో ఏఆర్‌టీ అంటారు. 1994 ప్రపంచ ఆరోగ్య దినోత్సవం నాడు ప్రపంచ ఆరోగ్య సంస్థ దాన్ని వెలుగులోకి తెచ్చింది.

అందులో నేర్చుకోవాల్సింది ఉంది. పిప్పి పట్టిన మెత్తని డెంటిన్ (ఎనామిల్ కింది పొర) ఎక్స్‌కవేటర్ అంచుకు పొరలు పొరలుగా లేచి వస్తుంది. కింద గట్టి డెంటిన్ తగలగానే అంచు జారుతుంది, గీకిన చప్పుడు మారుతుంది. ఇక్కడ ఆగాలని చేతికి తెలిసిపోతుంది. వేగంగా తిరిగే బర్‌కు కుళ్లినదీ బాగున్నదీ రెండూ ఒకటే. రెండింటినీ ఒకే ఊపులో కోసేస్తుంది, తేడా చూసుకోవాల్సింది డాక్టరే. ఇప్పుడు కొందరు తయారీదారులు పాలిమర్‌తో చేసిన బర్‌లు తెచ్చారు. వాటి గట్టిదనం కుళ్లిన డెంటిన్ కన్నా ఎక్కువ, ఆరోగ్యకరమైన డెంటిన్ కన్నా తక్కువ. బాగున్న భాగాన్ని తాకితే పంటికి బదులు బర్ అంచే మొద్దుబారుతుంది. పల్లె క్లినిక్‌లో చేత్తో నేర్చుకున్న వివేకాన్ని పనిముట్టులోనే పొదిగారన్నమాట. 2020లో కొవిడ్ వచ్చి, ఏరోటార్ లేపే తుంపర్లంటే అందరూ భయపడినప్పుడు ప్రపంచ ఆరోగ్య సంస్థ మళ్లీ చేతి పనిముట్ల వైపే చూపించింది.

మన క్లినిక్‌లో అడగాల్సినవి

* హ్యాండ్‌పీస్‌ను ఆటోక్లేవ్ చేసిన కవర్‌లోంచి మీ ఎదుటే తీస్తున్నారా అని అడగండి. ఏరోటార్ ఆగే క్షణంలో నోటిలోని లాలాజలం లోపలికి పీల్చుకునే అవకాశం ఉంది. పైపైన స్పిరిట్ రాస్తే లోపల శుభ్రం కాదు. ఒక్కో రోగికీ వేడి ఆవిరితో శుద్ధి చేయాలని అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం 1993లోనే సిఫారసు చేసింది.
* బుగ్గకో పెదవికో వేడి తగిలినట్టనిపిస్తే ఓర్చుకోకండి. చెయ్యి ఎత్తి ఆపమనండి. మొదలుపెట్టే ముందే ఆ సైగ డాక్టరుతో మాట్లాడుకోండి.
* చప్పుడంటే భయమైతే చెప్పేయండి. ఇయర్‌ఫోన్‌లో పాట పెట్టుకోవచ్చా అని అడగడంలో నామోషీ లేదు.
* పిల్లలకు చిన్న తల ఉన్న హ్యాండ్‌పీస్ ఉందా, డ్రిల్లు లేకుండా చేసే వీలుందా కనుక్కోండి.

మన దగ్గర ఎవరు చేయాలి?

హ్యాండ్‌పీస్ తయారీలో పేరున్న కంపెనీలు జర్మనీ, ఆస్ట్రియా, స్విట్జర్లాండ్, జపాన్‌లలో ఉన్నాయి. ఏసీ గదికీ, శుద్ధి చేసిన నీటికీ, ఆగని కరెంటుకూ అలవాటైన పరికరాలవి. మన ఊళ్లలో కంప్రెసర్ గాలిలో తేమ ఉంటుంది, బోరు నీటిలో సున్నం ఉంటుంది, మధ్యలో కరెంటు పోతుంది. తేమకు బేరింగ్ తుప్పు పడుతుంది, సున్నానికి నీటి రంధ్రం మూసుకుపోతుంది. మూసుకుపోతే ఏమవుతుందో పైన చెప్పుకున్నాం. నూనె వేయడం ఒక్కరోజు మరిచినా ఆటోక్లేవ్ వేడికి కార్ట్రిడ్జ్ ఆయుష్షు తగ్గుతుంది. సున్నపు నీటికి తట్టుకునే జెట్, ఊరి మెకానిక్ విప్పి బిగించగల కార్ట్రిడ్జ్, రోజుకు ఎన్నోసార్లు ఆవిరి పెట్టినా చెక్కుచెదరని తేలికపాటి పిడి... ఇవి మన అవసరాలు. మనమే తయారుచేసుకోవాలి.

అందుకు కావాల్సినవి మనకు లేకపోలేదు. వైద్య పరికరాల తయారీ కోసమే విశాఖపట్నంలో 2018లో ప్రారంభమైన మెడ్‌టెక్ జోన్ ఉంది. హైదరాబాద్ ఐఐటీలో ఇంజినీర్లనూ డాక్టర్లనూ కలిపి, ముందు ఆసుపత్రికి పంపి అవసరాన్ని కళ్లారా చూడమనే ఫెలోషిప్ నడుస్తోంది. అఫ్జల్‌గంజ్‌లోని ప్రభుత్వ దంతవైద్య కళాశాల ఆసుపత్రికి రోజూ జిల్లాల నుంచి జనం వస్తారు. ఈ మూడూ ఒకదానికొకటి తగలాలి. డిజైన్ చదివే కుర్రాడు ఒక వారం ఆ ఓపీలో స్టూలు పక్కన నిలబడితే, హౌస్‌సర్జన్ మధ్యాహ్నానికి చెయ్యి ఎందుకు విదిలించుకుంటోందో అతనికి ఏ పుస్తకమూ చెప్పక్కర్లేదు.

పనిముట్లు కొనేవాళ్ల చేతిలో కూడా ఈ మార్పు ఉంది. కేటలాగులో ప్రతి హ్యాండ్‌పీస్ పక్కనా నిమిషానికి ఎన్ని చుట్లో పెద్ద అక్షరాల్లో ముద్రిస్తారు. బరువెంత, పట్టు వ్యాసమెంత, చెవి దగ్గర శబ్దమెంత, ఎన్నిసార్లు ఆటోక్లేవ్ చేయవచ్చు అన్నవి కూడా అదే సైజులో ముద్రించాలని కళాశాలలు, ప్రభుత్వ టెండర్లు పట్టుబట్టాలి. కొనేముందు పదిమంది డాక్టర్ల చేతికి, పెద్ద చేతికీ చిన్న చేతికీ, కుడికీ ఎడమకూ ఇచ్చి, వారం రోజులు వాడించి, ఆ తర్వాతే సంతకం పెట్టాలి. మొదటి సంవత్సరం విద్యార్థులకు ప్రోబ్ పట్టుకోవడం నేర్పించే రోజునే సరైన పిడి ఎలా ఎంచుకోవాలో కూడా నేర్పాలి. వేగాన్ని కొలిచి కొన్నంతకాలం తయారీదారులు వేగాన్నే అమ్ముతారు. మన పంటిలో మిగిలిన భాగాన్నీ, డాక్టరు చేతిలో మిగిలిన సత్తువనూ కొలవడం మొదలుపెడితే, దానికి తగిన పనిముట్టు తయారుచేయడం వాళ్లకూ తప్పదు.